కత్తెర వేసే ముందు: ఇంటి కుట్టుపనిలోని సైన్సు

2020 మార్చి 31న కేంద్ర ప్రభుత్వ ముఖ్య శాస్త్రీయ సలహాదారు కార్యాలయం ఒక చిన్న కరదీపికను విడుదల చేసింది. కరోనా నుంచి కాపాడుకోవడానికి ఇంట్లోనే మాస్కు ఎలా తయారు చేసుకోవాలో అందులో వివరించారు. కుట్టు మిషను ఉన్నవారికి ఒక పద్ధతి, లేనివారికి మరో పద్ధతి. ఏ బట్ట వాడాలన్న దగ్గర మాత్రం సలహా ఒక్కటే: నూరు శాతం నూలు బట్ట. సూక్ష్మ కణాలను ఆపడంలో రెండు పొరల నూలు బట్ట, సర్జికల్ మాస్కుతో పోలిస్తే సుమారు 70 శాతం సమర్థంగా పనిచేస్తుందని, ఊపిరి ఆడటానికీ ఇబ్బంది ఉండదని అందులో పేర్కొన్నారు.

ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళలో మూలన పడి ఉన్న మిషన్లకు మళ్ళీ నూనె పడింది. మాస్కుల అవసరం తగ్గాక వాటిలో కొన్ని తిరిగి ముసుగులోకి వెళ్ళిపోయాయి. అయితే ఆ కరదీపిక ముందుంచిన ప్రశ్నకు కాలం చెల్లలేదు. ఏ పనికి ఏ బట్ట? పసివాడి జుబ్బాకు, ఎండాకాలం నైటీకి, పొయ్యి దగ్గర వేసుకునే జాకెట్టుకు, పాపాయి ఆడుకునే గుడ్డ బొమ్మకు ఒకే బట్ట సరిపోతుందా? దుకాణంలో మనం ఎక్కువగా రంగు, డిజైను, ధర చూస్తాం. ఒంటికి సుఖంగా ఉంటుందా, పిల్లలకు ప్రమాదం లేకుండా ఉంటుందా అన్నది పోగు మీద, నేత మీద, కుట్టు మీద ఆధారపడి ఉంటుంది. వీటిని పరీక్షించి చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. గిన్నెడు నీళ్ళు, కొలత టేపు, ఒక అయస్కాంతం, కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది.

చెమట ఆరితేనే చల్లదనం

ఎండాకాలంలో మన శరీరానికి ఉన్న ప్రధాన రక్షణ చెమట. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే అది శరీరం నుంచి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న ఎనిమిది లీటర్ల నీళ్ళను మరిగే స్థితికి తేవడానికి దాదాపు ఇంతే వేడి కావాలి. చెమట ఆరకుండా కారిపోతే ఈ లాభం చాలావరకు పోతుంది. కాబట్టి వేసవి బట్టను ఎంచుకునేటప్పుడు చూడవలసింది, అది చెమటను చర్మం మీది నుంచి తీసుకుని గాలికి అందిస్తుందా లేదా అన్నదే.

నూలు పోగు సెల్యులోజ్ అనే పదార్థంతో తయారవుతుంది. సెల్యులోజ్ అణువు పొడవునా హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. ఇవి నీటి అణువులను ఆకర్షించి పట్టుకుంటాయి. సుమారు 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే 100 గ్రాముల పొడి నూలు సుమారు 8 గ్రాముల తేమను పీల్చుకుంటుంది. పట్టు సుమారు 11 గ్రాములు పీలుస్తుంది. అదే పాలిస్టర్ పీల్చేది 0.4 గ్రాములే. అందుకే మామూలు పాలిస్టర్ నైటీ వేసుకుని పడుకుంటే, చర్మానికీ బట్టకూ మధ్య ఆవిరి నిలిచిపోయి ఉక్కగా అనిపిస్తుంది.

నూలుకూ ఒక ఇబ్బంది ఉంది. అది పీల్చుకున్న నీటిని తొందరగా వదలదు. ఎండ తీవ్రంగా ఉన్నా గాలి పొడిగా ఉండే రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల్లో తడిసిన నూలు త్వరగానే ఆరుతుంది. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రతీర నగరాల్లో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ మందపాటి నూలు చొక్కా తడిసి వీపుకు అంటుకుపోతుంది. అలాంటి చోట పలుచని మల్‌మల్, వాయిల్ రకాలు మేలు. పోగుల మధ్య సందు ఎక్కువ, మోసే నీరు తక్కువ. ఆటగాళ్ళు వేసుకునే పాలిస్టర్ జెర్సీల పద్ధతి వేరు. వాటి పోగుల ఆకారాన్ని, అల్లికను ప్రత్యేకంగా రూపొందిస్తారు. పోగు లోపలికి నీరు పోకపోయినా, పోగుల మధ్య సన్నని సందుల గుండా కేశనాళిక చర్యతో చెమట బయటి వైపుకు పాకి ఆరిపోతుంది.

వదులుతనం కూడా చల్లదనానికి తోడ్పడుతుంది. ఎడారిలో తిరిగే బెడూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారన్న ప్రశ్నకు 1980లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నల్ల అంగీ తెల్ల అంగీ కంటే ఎక్కువ వేడెక్కిన మాట నిజమే. కానీ లోపల ఉన్న మనిషికి చేరిన వేడి రెండింటిలోనూ ఒకేలా ఉందని తేలింది. వదులుగా ఉన్న అంగీ లోపల గాలి కదులుతూ ఆ అదనపు వేడిని చర్మానికి చేరకముందే తీసుకుపోతోంది. ఇంట్లో కుర్తా కుట్టుకునేటప్పుడు ఛాతీ చుట్టుకొలతకు 10 నుంచి 15 సెంటీమీటర్లు కలిపి కత్తిరిస్తే ఆ గాలికి దారి దొరుకుతుంది. మెడ, చంక దగ్గర మరీ బిగువు లేకుండా చూసుకుంటే ఇంకా మంచిది.

ఇది ఏ బట్ట?

సంతలో, ముక్కల దుకాణంలో కొన్న బట్టకు లేబులు ఉండదు. 'ప్యూర్ కాటన్' అని అమ్మినదాంట్లో పాలిస్టర్ కలిసి ఉండవచ్చు. తేల్చుకోవడానికి పోగు కాల్చి చూడటం పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. అయితే ఇది పెద్దవాళ్ళు మాత్రమే చేయాలి. స్టీలు పళ్ళెం మీద, పక్కన నీళ్ళు పెట్టుకుని, రెండు మూడు సెంటీమీటర్ల పోగును పట్టకారుతో పట్టుకుని వెలిగించాలి. నిలువు పోగొకటి, అడ్డపోగొకటి విడిగా లాగి చూడాలి, ఎందుకంటే కొన్ని బట్టల్లో ఇవి రెండూ వేర్వేరు రకాలు.

నూలు కాగితంలా మండుతుంది, కాగితం కాలిన వాసనే వస్తుంది, వేళ్ళతో నలిపితే మెత్తటి బూడిద అవుతుంది. పట్టు, ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. వెంట్రుకల్లాగే ఇవి కూడా ప్రొటీన్లే కదా. పాలిస్టర్ ముడుచుకుపోయి కరుగుతుంది, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. బూడిదా గట్టి పూసా రెండూ కనిపిస్తే అది మిశ్రమ బట్ట.

రేయాన్ దగ్గర ఈ పరీక్ష చాలదు. బజారులో మెత్తగా, జారుతూ కనిపించే నైటీలు చాలా వాటిలో ఉండేది రేయాన్. కలప గుజ్జు నుంచి తీసిన సెల్యులోజే కనుక ఇదీ నూలులాగే మండుతుంది. తేమను నూలు కంటే ఎక్కువే పీలుస్తుంది. తేడా తడిపినప్పుడు తెలుస్తుంది. నూలు పోగు తడిస్తే పొడిగా ఉన్నప్పటి కంటే బలంగా ఉంటుంది. మామూలు రేయాన్ తడిస్తే దాదాపు సగం బలం కోల్పోతుంది. ఒక పోగును తడిపి, ఒకదాన్ని పొడిగా ఉంచి, రెండింటినీ లాగి తెంపి చూడండి. తడిది ఇట్టే తెగిపోతే అది రేయాన్ కావచ్చు. అలాంటి బట్టను కుట్టుకోవచ్చు, కానీ ఉతికాక గట్టిగా పిండకూడదు, బండకేసి బాదకూడదు.

ముందు నీళ్ళు, తర్వాత కత్తెర

కొత్త బట్ట తెచ్చిన రోజే కత్తిరించడం ఇంటి కుట్టుపనిలో చాలామంది చేసే పొరపాటు. మగ్గం మీద నేసేటప్పుడు దారాలను బిగువుగా లాగి ఉంచుతారు. తర్వాతి ప్రక్రియల్లోనూ బట్టను సాగదీస్తారు. ఆ బిగువు బట్టలో అలాగే నిలిచి ఉంటుంది. మొదటిసారి నీళ్ళు తగలగానే పోగులు ఉబ్బి, బిగువు సడలి, బట్ట కుంచించుకుపోతుంది. సాధారణంగా అడ్డం వైపు కంటే నిలువు వైపు ఎక్కువగా కుంచించుకుంటుంది. మిల్లులోనే యంత్రంతో ముందుగా కుదించే పద్ధతిని అమెరికాకు చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ రూపొందించారు. ఆయన పేరు మీదే దాన్ని శాన్‌ఫరైజింగ్ అంటారు. అన్ని బట్టలకూ ఆ ప్రక్రియ జరగదు.

ఎంత కుంచించుకుంటుందో మీరే కొలవవచ్చు. బట్ట మూలలో 20 సెంటీమీటర్ల చదరాన్ని రంగు దారంతో టాకాలు వేసి గుర్తించండి. బట్టంతా గోరువెచ్చని నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్ళీ కొలవండి. 20 సెంటీమీటర్లు 19కి వస్తే 5 శాతం తగ్గినట్టు. ముందుగా తడపకుండా 60 సెంటీమీటర్ల గౌను కుట్టి ఉంటే, మొదటి ఉతుకుకే 3 సెంటీమీటర్లు పొట్టి అయ్యేది. బట్టను, లోపల వేసే లైనింగును వేర్వేరుగా తడపాలి. బట్ట తగ్గి లైనింగు తగ్గకపోతే కుట్టు దగ్గర ముడతలు పడతాయి, ఎంత ఇస్త్రీ చేసినా అవి పోవు.

ముందుగా ఉతకడానికి ఇంకో కారణమూ ఉంది. కొత్త బట్టలో గంజి, మిగిలిపోయిన రంగు ఉంటాయి. ముడత పడని బట్టలకు వేసే రెజిన్ పూతల్లో కొన్ని ఫార్మాల్డిహైడ్‌ను కొద్ది కొద్దిగా విడుదల చేస్తాయి. ఇది కొందరి చర్మానికి పడదు. ఉతికితే దాని మోతాదు తగ్గుతుంది. పసిపిల్లల బట్టలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. కొత్త బట్ట మీద నీటి చుక్క వేస్తే పూసలా నిలిచి, ఉతికాక వేస్తే వెంటనే ఇంకిపోవడం చూస్తే పూత ఎంత వదిలిందో కంటికే కనిపిస్తుంది.

ఇక కత్తెర ఎటు వేయాలి? బట్టలో పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఉంటాయి. ఒక చేతి రుమాలు తీసుకుని నిలువుగా లాగండి, తర్వాత అడ్డంగా లాగండి. పెద్దగా సాగదు. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని ఐమూలగా లాగండి. బాగా సాగుతుంది. దారాలు పొడవు పెరగలేదు, అవి ఒకదానితో ఒకటి చేసే కోణం మారింది. చిన్న చిన్న చదరాలన్నీ వజ్రం ఆకారంలోకి ఒరిగాయి. జాకెట్టు మెడకు పైపింగు వేసేటప్పుడు పట్టీని 45 డిగ్రీల ఐమూలగా కత్తిరించేది ఇందుకే. నిలువుగా తీసిన పట్టీ వంపు దగ్గర ముడుచుకుంటుంది, ఐమూల పట్టీ వంపు వెంట ఒదిగిపోతుంది. మన దర్జీలు 'క్రాస్ కట్ జాకెట్' అనేదానిలోనూ ఈ సూత్రమే ఉంది. ఫ్రాన్సులో మడలీన్ వియొన్నె 1920లలో మొత్తం గౌన్లనే ఐమూలగా కత్తిరించి పేరు తెచ్చుకుంది. అయితే ఐమూల బట్ట తన బరువుకే కిందికి సాగుతుంది. అలాంటి లంగాను కుట్టాక ఒక రాత్రి వేలాడదీసి, మర్నాడు కింది అంచు సరిచేసి మడవాలి.

మిషను లోపల పడే ముడి

చేతి సూదికి బెజ్జం వెనక ఉంటుంది. మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. చిన్నదిగా కనిపించే ఈ మార్పే కుట్టు మిషనును సాధ్యం చేసింది. మొన దగ్గర బెజ్జం ఉన్న సూది, కింద రెండో దారం మోసే షటిల్ కలిసిన యంత్రానికి ఎలియాస్ హోవ్ 1846లో అమెరికాలో పేటెంటు పొందారు. యంత్రాల మీద తన అభ్యంతరాలు వివరిస్తూ గాంధీజీ 1924లో ఒక మినహాయింపు ఇచ్చారు. అది సింగర్ కుట్టు మిషనుకు.

సూది బట్టలోకి పూర్తిగా దిగి, తిరిగి కాస్త పైకి లేచేటప్పుడు దాని వెనక దారం వదులై చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే కింద ఉన్న కొక్కెం ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. పై దారం, కింది దారం ఒకదానినొకటి పెనవేసుకుంటాయి. తర్వాత పై మీట దారాన్ని బిగిస్తుంది. ఈ పెనవేత రెండు బట్టల మధ్యలో పడితే కుట్టు బాగా వచ్చినట్టు.

దీన్ని చూడాలంటే పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి పాత ముక్క మీద కుట్టండి. పైన తెల్ల చుక్కలు కనిపిస్తే పై దారం మరీ బిగువుగా ఉంది. కింద ఎర్ర ఉచ్చులు గుంపుగా వస్తే పై దారం వదులుగా ఉంది. కింద చిక్కుపడిందని చాలామంది బాబిన్ విప్పి చూస్తారు. కారణం తరచుగా పైనే ఉంటుంది, టెన్షన్ బిళ్ళల మధ్య దారం సరిగా కూర్చోకపోవడమే. పాదం పైకెత్తి ఉంచి మళ్ళీ మొదటి నుంచి దారం ఎక్కిస్తే చాలాసార్లు సరిపోతుంది.

సూది నంబరులోనూ లెక్క ఉంది. ప్యాకెట్టు మీద 90/14 అని ఉంటే సూది లావు 0.90 మిల్లీమీటర్లు అని అర్థం. పలుచని వాయిల్‌కు 9 లేదా 11, మామూలు పాప్లిన్‌కు 14, జీన్సు బట్టకు 16 లేదా 18 వాడాలి. పలుచని బట్టకు లావు సూది వాడితే పోగులు తెగి రంధ్రాలు మిగులుతాయి. టీషర్టు లాంటి అల్లిక బట్టలో పోగులు ఉచ్చులుగా ఉంటాయి. వాటిని చీల్చకుండా పక్కకు జరిపే గుండ్రటి మొన సూది వాటికి వేరే ఉంటుంది. అల్లిక బట్ట సాగుతుంది, తిన్నని కుట్టు సాగదు. అందుకే తలలోంచి దూర్చుకోగానే మెడ దగ్గర కుట్టు పుటుక్కుమంటుంది. జిగ్‌జాగ్ కుట్టు వేస్తే దారం వంకర తీరుకునేంత మేర సాగి తెగకుండా ఉంటుంది.

గుడ్డ బంతిలోని గణితం

బొమ్మల పెళ్ళిళ్ళకు పాత జాకెట్టు ముక్కలతో బొమ్మలు చేసుకున్న తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది. ఆ పనిని ఇప్పటి పిల్లలతో కలిసి మొదలుపెట్టాలంటే గుడ్డ బంతి మంచి ఎంపిక. దానిలో ఒక చిక్కు ఉంది. చదునైన బట్టను గుండ్రటి బంతికి ముడత పడకుండా చుట్టలేం. చదునైన తలాన్ని సాగదీయకుండా గోళంగా మార్చడం అసాధ్యమని జర్మన్ గణితవేత్త గాస్ 1827లో వెలువరించిన సిద్ధాంతం నుంచి తేలుతుంది. గోళాకారపు భూమిని చదునైన పటంగా గీసినప్పుడు ఆకారాలు మారిపోవడానికీ కారణం ఇదే. జాకెట్టుకు డాట్లు వేయవలసి రావడానికీ ఇదే కారణం.

దర్జీ చేసే ఉపాయం, బట్టను సన్నని తొనలుగా కత్తిరించి కలపడం. తొన ఎంత సన్నగా ఉంటే ముడత అంత తక్కువ. 30 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న బంతికి ఆరు తొనలు వేద్దాం. ఒక్కొక్క తొన పొడవు చుట్టుకొలతలో సగం, అంటే 15 సెంటీమీటర్లు. మధ్యలో వెడల్పు ఆరో వంతు, అంటే 5 సెంటీమీటర్లు. మధ్య నుంచి పైకీ కిందికీ 2.5 సెంటీమీటర్ల దూరంలో వెడల్పు 4.3 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్ల దూరంలో 2.5 సెంటీమీటర్లు, 7.5 దగ్గర సున్నా. ఈ వెడల్పులు కొసైన్ పట్టిక నుంచి వచ్చినవే. తొమ్మిది, పదో తరగతి పిల్లలు ఉంటే వాళ్ళ చేతే లెక్క కట్టించండి. కాగితం మీద ఈ బిందువులు గుర్తించి వంపుగా కలిపితే తొన నమూనా సిద్ధం. కుట్టు కోసం చుట్టూ అర సెంటీమీటరు మార్జిన్ అదనంగా వదలాలి. ఆరింటినీ లోపలి వైపు నుంచి కలిపి కుట్టి, చివరి కుట్టులో నాలుగైదు సెంటీమీటర్లు తెరిచి ఉంచి, తిరగేసి, దూది కూరి, చేత్తో దగ్గరి కుట్లు వేసి మూసేయాలి.

లోపల ఏం కూరాలి? నూలు దూది మెత్తగా ఉంటుంది, కానీ నీరు పీల్చి ఆలస్యంగా ఆరుతుంది. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది. బూరుగు దూది పోగు లోపల బోలుగా, పైన మైనపు పొరతో ఉంటుంది కనుక చాలా తేలిక, నీరు అంత సులువుగా అంటదు. అయితే అది సన్నగా ఎగురుతుంది, కూరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. తరచుగా ఉతకవలసిన బొమ్మకు పాలిస్టర్ ఫైబరు అనుకూలం. ఒంటికి సుఖమివ్వని గుణమే ఇక్కడ పనికొస్తుంది, నీరు పీల్చదు కనుక త్వరగా ఆరుతుంది. బియ్యం, గింజలు కూరితే పురుగు పడుతుంది. కుట్టు విడిపోతే ఆ గింజలే పసివాళ్ళ నోట్లోకి వెళతాయి.

కళ్ళకు గుండీలు వద్దు

బొమ్మ విషయంలో అందం కంటే ముందు ఆలోచించవలసింది గొంతులో అడ్డం పడే ప్రమాదం గురించి. బొమ్మల భద్రతకు భారతీయ ప్రమాణం ఐఎస్ 9873. బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక, దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు చేసే బొమ్మలకు మినహాయింపు ఉంది. ఇంట్లో మన పిల్లల కోసం కుట్టే బొమ్మను ఎవరూ తనిఖీ చేయరు. ఆ బాధ్యత మనదే.

ప్రమాణంలోని ఒక ముఖ్యమైన పరీక్షను ఇంట్లోనే దాదాపుగా చేయవచ్చు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల నుంచి ఊడివచ్చే భాగం ఏదీ 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక గొట్టంలో పూర్తిగా పట్టకూడదు. ఆ గొట్టం అడుగు ఏటవాలుగా ఉంటుంది, ఎక్కువ లోతు ఉన్నవైపు 57.1 మిల్లీమీటర్లు. 10 సెంటీమీటర్ల వెడల్పు, 5.7 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న అట్టముక్కను గుండ్రంగా చుట్టి, రెండు అంచులు ఒకదానిమీదొకటి ఎక్కకుండా ఆనించి టేపు అతికించండి. దాని వ్యాసం సుమారు 31.8 మిల్లీమీటర్లు వస్తుంది. 10 సెంటీమీటర్లను 'పై'తో భాగిస్తే వచ్చేది అంతే. గుండీ, పూస, చిన్న గంట, ప్లాస్టిక్ కన్ను ఆ గొట్టంలో పట్టేస్తే అది ఆ వయసు పిల్లల బొమ్మ మీద ఉండకూడదు. ఎంత గట్టిగా కుట్టినా సరే. నములుతూ లాగుతూ ఉంటే దారం ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. కళ్ళు, ముక్కు, నోరు రంగు దారంతో గొలుసు కుట్టు వేస్తే ఊడేది ఏదీ ఉండదు.

మెడకు చుట్టుకునేలా పొడవాటి తాళ్ళు, రిబ్బన్లు పెట్టకండి. కుట్టడానికి ముందు గుండుసూదులు లెక్కపెట్టి, అయ్యాక మళ్ళీ లెక్కపెట్టండి. సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా పని ఆపండి. చివరగా బొమ్మ అంతటా అయస్కాంతంతో నిమిరి చూడండి. బట్టల కర్మాగారాల్లో విరిగిన సూది ముక్కల కోసం లోహశోధక యంత్రాలు పెడతారు, ఇంట్లో అయస్కాంతం కొంతవరకు ఆ పని చేస్తుంది. ఇంకొక మాట. ఏడాదిలోపు శిశువు నిద్రపోయే చోట మెత్తటి బొమ్మలు, దిండ్లు ఉంచకూడదని శిశువైద్యులు హెచ్చరిస్తారు. అవి ముఖానికి అడ్డుపడితే పసివాడు తప్పించుకోలేడు. ఎంత ముద్దుగా కుట్టినా, ఆ బొమ్మ మేలుకుని ఆడుకునే వేళకే.

మనిషికి తగిన బట్ట

రెడీమేడ్ బట్టలు సగటు కొలతలకు తయారవుతాయి. పైగా మన దేశంలో చాలాకాలం విదేశీ కొలతల పట్టికలే ఆధారం. దీన్ని సరిదిద్దడానికి నిఫ్ట్ సంస్థ 'ఇండియాసైజ్' పేరిట ఒక సర్వే చేపట్టింది. త్రీడీ స్కానర్లతో 25,000 మందికి పైగా కొలతలు తీసుకోవాలన్నది లక్ష్యం. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాదు ఒకటి. ఎంత మంచి పట్టిక వచ్చినా అందులో పట్టని మనుషులు ఉంటారు. ఇంటి మిషను అవసరం అక్కడే తెలుస్తుంది.

పక్షవాతం వచ్చి ఒక చెయ్యి సరిగా లేవని పెద్దాయనకు తలలోంచి దూర్చే బనీను రోజూ ఒక శిక్ష. ముందు భాగం పూర్తిగా తెరుచుకునే చొక్కాకు గుండీల బదులు వెల్క్రో పట్టీ కుట్టి, చంక దగ్గర కాస్త వదులు పెంచితే సాయం చేసేవారికీ సులువు. తొడిగేటప్పుడు బలహీనమైన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని చివర విప్పాలి. మంచాన ఉన్నవారి నైటీకి వీపు వైపు కుట్లు, గుండీలు లేకుండా చూడాలి. గంటల తరబడి ఒకేచోట ఒత్తిడి పడితే చిన్న కుట్టు గీత కూడా చర్మాన్ని కమిలిస్తుంది. పసిపిల్లల జుబ్బాలో కుట్టు మార్జిన్లను చర్మానికి తగలకుండా బయటివైపు మడిచి కుట్టడమూ ఇలాంటి జాగ్రత్తే.

వంటింటి బట్టలకు లెక్క మారుతుంది. ఎండకు మంచిదన్న వదులుతనం పొయ్యి దగ్గర ప్రమాదం. వేలాడే చేతులు, కొంగు మంటకు అందుతాయి. సింథటిక్ బట్ట అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుని లోతుగా కాలుస్తుంది. నూలు కరగదు గానీ త్వరగా మండుతుంది కనుక అదీ పూర్తి రక్షణ కాదు. కాస్త దట్టమైన నూలు బట్టతో, మోచేతి పైదాకా ఉండే ఒదిగిన చేతులతో వంట జాకెట్టు లేదా ఏప్రను కుట్టుకోవడం మేలు. ఏప్రను ముడి ఒక్క లాగుతో విడిపోయేలా ఉండాలి.

పాత చీరలో ఉన్నది

ఇన్ని జాగ్రత్తలు చూశాక, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పుట్టిన బిడ్డకు పాత నూలు చీరనే ఎందుకు వాడారో అర్థమవుతుంది. ఎన్నో ఉతుకుల తర్వాత ఆ చీరలో గంజి ఉండదు, విడిచే రంగు ఉండదు, ఇక కుంచించుకునేదీ ఉండదు. పోగులు నలిగి సులువుగా వంగుతాయి కనుక మెత్తగా ఉంటుంది. మెత్తదనం కోసం పాత బట్ట పోగు బలాన్ని కొంత పోగొట్టుకుని ఉంటుంది. ఒక్క పొర నిలవదు. నాలుగైదు పొరలు పేర్చి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత అవుతుంది. ఒక పొర చిరిగినా బరువును పక్క పొర పంచుకుంటుంది. పొరల మధ్య నిలిచిన గాలి వేడిని తేలిగ్గా పోనివ్వదు కనుక చలికీ పనికొస్తుంది. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని, కర్ణాటకలోని సిద్దీల కవంది, మన బొంత పేర్లు వేరైనా, పాత బట్టల పొరలను కుట్టుతో నిలబెట్టే పద్ధతి ఒకటే.

మొదటిసారి మిషను ముందు కూర్చునేవారు జాకెట్టుతో మొదలుపెట్టనక్కర్లేదు. పాత దిండు గలీబును ముందుగా విప్పి, ముక్కలు ఎలా కలిశాయో చూసి, తిరిగి కుట్టండి. తర్వాత గుడ్డ బంతి, ఆ తర్వాత జుబ్బా. ప్రతిసారీ ఒక చిన్న ముక్కను పక్కన పెట్టి దాన్ని తడపండి, లాగండి, దానిమీద కుట్టి చూడండి. ఆ ముక్క తడిసి ఆరేసరికి ఒక పూట పడుతుంది. కత్తెర అంతసేపు ఆగగలదు.